విడిపోయే హక్కు

బానిసత్వంలో కష్టమంతా యజమానిదే. ఈ సంగతి తెలియకే ఉత్తరాదివాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. నమ్మకపోతే, దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటీ అమెరికా యూనియన్ నుంచి విడిపోతున్న 1861 జనవరిలో మా కెంటకీ కర్నల్ ఎల్‌బ్రిడ్జ్ టాల్బట్ దొరగారికి జరిగిన అన్యాయం వినండి.

ఒహాయో నది ఒడ్డున ఆయనకి పొగాకు తోట. అవతలి ఒడ్డున బానిసలు లేని ఒహాయో రాష్ట్రం. దొరగారు పాపం పొద్దున్నే లేచి కాళ్ళు చాపాలి. బూట్లు సైలస్ తొడుగుతాడు. నిజమే, కానీ చాపాల్సింది ఎవరు? సైలస్ పెళ్ళాం కెజియా మొక్కజొన్న రొట్టె, పంది మాంసం తెచ్చి పెడుతుంది. నమలడం ఎవరి వంతు? ఇంత శ్రమపడుతూ ఆ ఇద్దరినీ కన్నబిడ్డల్లా సాకుతున్నారాయన.

కన్నబిడ్డ గనకే, ఎక్కడో దక్షిణాన మిసిసిపీలో మేనల్లుడి పెళ్ళికి సైలస్‌ని కానుకగా ఇవ్వాలనుకున్నారు. కెజియాని ఇవ్వరు. ఆవిడ వంట ఆయనకి ప్రాణం.

"మొగుడూ పెళ్ళాల్ని విడదీస్తే పాపం కాదు కదండీ?" అని పాదిరిగారిని అడిగారు కూడా.

"వాళ్ళకి మనలా బాధలుండవు దొరగారూ. వారంలో మరిచిపోతారు," అన్నారు పాదిరిగారు, కోడి కాలు కొరుకుతూ. పక్కనే కెజియా పులుసు వడ్డిస్తోంది. గరిటె తొణకలేదు.

శనివారం కోర్టు ముందు సభ. కెంటకీ కూడా విడిపోవాలని దొరగారి ఉపన్యాసం. శుక్రవారం భోజనాల బల్ల దగ్గరే దాన్ని వల్లె వేశారు: "ఇష్టపడి కలిసినవాడికి, ఇష్టం పోయినప్పుడు వెళ్ళిపోయే హక్కు దేవుడిచ్చాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు."

వంటింట్లో సైలస్ గొంతు తగ్గించి కెజియాతో అన్నాడు. "ఇష్టపడి కలిసినోళ్ళకేనంటనే. మనమేమో ఇష్టపడి కలవలా. మనకి వర్తిస్తదో లేదో."

"వర్తిస్తది లేవయ్యా. రొట్టెలు ఎక్కువ కాల్చాను, దారికి సరిపోతాయి."

నవ్వబోయి ఆగిపోయాడు సైలస్. "పట్టుకుంటే?"

"పట్టుకుంటే నీకు మిసిసిపీ. ఇక్కడే ఉన్నా మిసిసిపీయే కదా."

మర్నాడు ఊరంతా సభలో ఉంది. దొరగారు అద్భుతంగా మాట్లాడారు. "మా మనుషులు ఎంత సుఖంగా ఉన్నారో మా సైలస్‌నే అడగండి," అని బండి వైపు చెయ్యి చూపించారు. జనం తిరిగి చూశారు. గుర్రాలున్నాయి. సైలస్ లేడు.

"గుర్రాలకి నీళ్ళు తేవడానికి వెళ్ళుంటాడు," అన్నారు దొరగారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు నది దాకా వినిపించాయి. పొగమంచులో సైలస్ దొరగారి పడవనే తోస్తున్నాడు. కెజియా రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా కూర్చుంది. పడవ అవతలి ఒడ్డు తగిలాక గానీ ఆమె మూట విప్పలేదు. అప్పుడు మొదటి రొట్టె సైలస్ చేతిలో పెట్టింది.

సోమవారం దొరగారు కేంద్ర సర్కారు తరఫున చట్టం అమలుచేసే మార్షల్ దగ్గరికి వెళ్ళారు. గడ్డం మాసింది. బూట్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడుక్కున్నారు.

"ఒహాయోవాళ్ళు మనుషుల్ని అప్పగించరట. సైన్యాన్ని పంపి వాళ్ళ మెడలు వంచండి."

"రాష్ట్రాల ఇష్టంలో కేంద్రం వేలు పెట్టకూడదని మొన్న మీరే అన్నారు కదండీ?" అన్నాడు మార్షల్.

"అది మన రాష్ట్రం సంగతి. పారిపోయినవాళ్ళని పట్టివ్వాలని కేంద్ర చట్టం ఉందా లేదా?"

"ఉందండీ. కెంటకీ విడిపోతే మాత్రం మీకు ఉండదు."

దొరగారు చాలాసేపు ఆలోచించారు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదేమో, కడుపు కూడా ఆలోచించింది.

"అయితే ఆ ఇద్దరూ దొరికేదాకా కలిసే ఉందాం," అన్నారు.

వాళ్ళు దొరకనూ లేదు, కెంటకీ విడిపోనూ లేదు.