బైబిలు కోసం తెచ్చిన అలమార

భార్యతో అబద్ధం ఆడాల్సి వస్తే చిన్నది ఆడండి. లేదా ఎవరూ నమ్మలేనిది ఆడండి. పొరపాటున కూడా పవిత్రమైన అబద్ధం మాత్రం ఆడకండి. నేను ఆడాను. అది ఇప్పటికీ మా ముందు గదిలో గాజు తలుపు వేసుకుని నిలబడి ఉంది.

నా పేరు హెర్బర్ట్. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తాను. కాపురం నాంపల్లిలో, స్టేషన్ వెనక సందులో, కింది అంతస్తులో. జూన్ నుంచి అక్టోబరు దాకా మా పడమటి గోడ ఏడుస్తూనే ఉంటుంది. సున్నం వేయించాం, సిమెంటు పూయించాం, ఇంటి ఓనరును తిట్టాం. దేనికీ దాని ఏడుపు ఆగలేదు.

గోడ ఏడిస్తే నీకేం నష్టం అంటారా? నా దగ్గర నాన్న లెన్సు ఉంది. నాన్న ఆబిడ్స్‌లో ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాడు. మా చర్చిలో సగం పెళ్లిళ్లకు ఆ లెన్సే సాక్షి. స్టూడియో పోయింది, నాన్న పోయాడు, అరచేతిలో పట్టే ఆ అద్దం ముక్క మిగిలింది. ఇప్పటి కెమెరాకు ఒక రింగు వేసి దాన్ని తగిలించుకుంటాను. దానిలోంచి చూస్తున్నప్పుడు నాన్న నా భుజం మీదుగా చూస్తున్నట్టే ఉంటుంది నాకు.

ఈ జూలైలో ఒకరోజు ఆ లెన్సును వెలుతురుకు పట్టి చూశాను. అంచున సన్నటి పోగుల్లా బూజు! ఆబిడ్స్‌లో కెమెరాలు బాగుచేసే రామచందర్ దగ్గరికి వానలోనే పరిగెత్తాను.

"ఇప్పటికైతే సాఫ్ చేసిన సార్," అన్నాడతను. "మళ్ల పట్టిందంటే అద్దాన్నే తింటది. అప్పుడు నాతోని గాదు, మా ఉస్తాద్‌తోని గూడ గాదు. జర చెమ్మ తగలకుండ పెట్టున్రి."

జోళ్ల డబ్బాల్లో చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు వస్తాయి కదా, అవి గుర్తొచ్చాయి. ఆబిడ్స్‌లో వరసగా దుకాణాలెక్కి అడిగాను. జోళ్లు కొనకుండా పొట్లాలు మాత్రం అడిగే మనిషిని వాళ్లు అంతకుముందు చూసినట్టు లేరు. నాలుగో దుకాణం మెట్లెక్కేసరికి లోపలి నుంచి "పొట్లాల సారొచ్చిండు" అని వినిపించింది.

ముప్పై పొట్లాలతో ఇంటికొచ్చి, వంటింట్లో నాలుగు వైపులా క్లిప్పులుండే డబ్బాలో లెన్సును పడుకోబెట్టాను. సాయంత్రం కృపాజ్యోతి గొంతు వినిపించింది. కృపాజ్యోతి అంటే నా భార్య. కృప పేరులో ఉంది, మిగతాది మనం సంపాదించుకోవాలి.

"నా మురుకుల డబ్బా ఏదండి?"

"దాంట్ల నాన్న ఉన్నడు."

"మామయ్యను బయటికి పిలువున్రి. మురుకులు మెత్తగైతే మొదలు లొల్లి చేసేది మీరే."

అది నిజమే. నేను మురుకు కొరికితే పక్కింటికి వినిపించాలి. లేకపోతే నాకు తిన్నట్టే ఉండదు. నాన్న బయటికొచ్చాడు, మురుకులు లోపలికెళ్లాయి.

ఇక మిగిలింది ఒకటే దారి. కెమెరాలు దాచుకోవడానికని కరెంటుతో తేమ పీల్చే అలమార అమ్ముతారు. గాజు తలుపు, లోపల మూడు అరలు, పైన తేమ ఎంతుందో చూపే ఎర్ర అంకె. నలభై అయిదు దగ్గర నిలబడితే లెన్సుకు స్వర్గమని రామచందర్ చెప్పాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పోయినేడు నేను మూడో కెమెరా స్టాండు కొన్నప్పుడు, ఇక కెమెరా సామాను ఒక్కటి కూడా ఈ గడప దాటి లోపలికి రాదని అయ్యగారి ముందు మాటిచ్చాను. అయ్యగారంటే మా పాస్టర్ టిమోతి గారు. అందుకే కృప చర్చిలో స్త్రీల కూటానికి వెళ్లే శుక్రవారం సాయంత్రం చూసుకుని అలమారను ఆటోలో తెచ్చాను. వాన వల్ల ఆ రోజు కూటం లేదు. తలుపు తీసింది కృపే.

"ఏందండి గిది? ఇంకో ఫ్రిజ్జా?"

"ఫ్రిజ్జు కాదు. చెమ్మ పీల్చే అలమార."

"ఎవరి చెమ్మ పీలుస్తది?"

"లోపల ఏం పెడితే దాని చెమ్మ."

"లోపల ఏం పెడ్తరు?"

నా కళ్లు గదంతా వెతికాయి. గూట్లో, పాత పట్టుగుడ్డలో చుట్టి, కృప మెదక్ నుంచి తెచ్చుకున్న వాళ్ల ముత్తవ్వ బైబిలు కనిపించింది.

"మీ ముత్తవ్వ బైబిలు!" అన్నాను. "ఈ గోడకు నానిపోతున్నదని నాకు నిద్ర పడుతలేదు కృపా!"

కృప నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ముత్తవ్వ కోసం గింత ఆలోచించిన్రా?"

ఆలోచించానని తల ఊపాను. సిగ్గు లేని తల.

ముత్తవ్వ మధ్య అరలో కొలువుదీరింది. నేను మెల్లగా లెన్సున్న కెమెరా సంచి తెచ్చి కింది అరలోకి తోశాను.

"పరిశుద్ధ గ్రంథం కాళ్ల కాడ మీ సంచా? తియ్యున్రి!"

తీశాను. రెండ్రోజులాగితే మెత్తబడుతుందిలే అనుకుని సంచిని బీరువా మీద పెట్టాను. అప్పుడే లోపలి గదిలో నా ఫోన్ మోగింది. కృప ఎత్తి, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది. ఎవరని అడిగితే రాంగ్ నంబరంది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో కృప లేచి నిలబడింది. నేను పాటల పుస్తకం వెనక మొహం దాచుకున్నాను.

"మా ఇంటాయన వారం మొత్తంల బైబిలు తెరిచింది నేనెప్పుడు చూడలే. గని అది తడవొద్దని అలమార తెచ్చిన్రు. ప్రభువు ఎవరిని ఎట్ల మారుస్తడో!"

చర్చంతా స్తోత్రం అంది. ఎనభై ఏళ్ల మేరమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "బాబూ, మా నాయన బైబిలు గూడ జాగ చూసి పెట్టు. అట్టలకు బూజు పడుతున్నది." ముసలామె అడిగితే కాదంటానా? ఆమె వెనకే ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. పక్షం రోజుల్లో మూడు అరల్లో పదకొండు బైబిళ్లు, ఆరు కీర్తనల పుస్తకాలు చేరాయి. నా లెన్సుకు కాదు కదా, దాని మూతకు కూడా చోటు లేదు.

పైగా బైబిలు దాచుకున్నవాళ్లు చదువుకోవడానికి వస్తారు కదా. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇద్దరు. మేరమ్మ తలుపు బార్లా తెరిచిపెట్టుకుని, పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు చదివేది.

"మేరమ్మా, జర తలుపు మూస్తె..."

"ఉండనీ బాబూ. వాక్యానికి గాలాడాలె."

పాత కాగితాలు తాగిన నీళ్లకు తోడు వచ్చిపోయేవాళ్ల గాలి. నలభై అయిదు దగ్గర ఉండాల్సిన అంకె డెబ్బై ఒకటికి ఎక్కింది. బీరువా మీది సంచిని విప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ దిగులుకు తోడు ఇంట్లో మురుకులు కూడా చప్పుడు మానేశాయి.

"ఏంది కృపా, మురుకు వంగుతున్నది?"

"వానకాలం కదండి," అనేది.

ఇంతలో అయ్యగారికి ఒక ఆలోచన వచ్చింది. శనివారం మా ఇంట్లోనే ప్రార్థన పెట్టి, పెద్దలందరూ తమ తమ బైబిళ్లతో ఒక ఫోటో దిగాలన్నారు. "హెర్బర్ట్, మీ నాన్నగారి లెన్సుతోనే తియ్యాలె సుమా. నా పెళ్లి ఫోటో తీసింది గూడ అదే."

శనివారం సాయంత్రం ఇంటి నిండా జనం. ఒళ్లో బైబిళ్లు పెట్టుకుని అందరూ సర్దుకు కూర్చున్నారు. నేను స్టూలెక్కి సంచి దించి, కళ్లు సగం మూసుకుని విప్పాను. కెమెరా ఉంది. లెన్సు లేదు.

స్టూలు దిగి వంటింట్లోకి పరిగెత్తాను. "కృపా! నాన్న... నాన్న కనిపిస్తలేడు!" నిజంగానే ఏడుపొచ్చింది.

కృప టీ వడకడుతూ గడ్డంతో పై అరను చూపించింది. "మురుకుల డబ్బాల ఉన్నరు."

నాలుగు క్లిప్పులూ విప్పాను. మెత్తటి గుడ్డ మీద నాన్న లెన్సు. పక్కన పాత నూలుగుడ్డ మూట. దాని పక్కన గుండీ అంత తేమ మీటరు. దాని మీద అంకె నలభై రెండు. లెన్సును కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. ఒక్క పోగు లేదు.

"మూటలో ఏముంది?"

"మీ జోళ్ల పొట్లాలే. అవి చెమ్మ తాగి తాగి నిండిపోతయంట. వారానికోసారి విప్పి, పాత మూకుట్ల సన్నమంట మీద వేడి చేయాలంట. మీటరు రామచందర్ అన్న ఇచ్చిండు."

"రామచందర్ నీకెట్ల తెలుసు?"

"మీరు అలమార తెచ్చిన రోజే ఫోన్ చేసిండు. సార్ కెమెరా అలమార మంచిగ పని చేస్తున్నదా అని అడిగిండు."

అదేనన్నమాట రాంగ్ నంబరు.

"అన్నీ తెలిసి మరి చర్చిలో సాక్ష్యమెందుకు చెప్పినవ్?"

కృప టీ గ్లాసులు పళ్లెంలో పెట్టి చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"అబద్ధం మీరు చెప్పిన్రు. దాన్ని నిజం చేసేటోళ్లు ఇంట్ల ఎవరో ఒకరు ఉండాలె కదా."

పళ్లెం అందుకుని ఆమె వెనకే ముందు గదిలోకి నడిచాను. ఫోటో తీశాను. నాన్న తీసినట్టే వచ్చింది. మేరమ్మ తన నాయన బైబిలును గుండెకు పొదువుకుని నవ్వుతోంది. ఆమె వెనక అలమార తలుపు బార్లా తెరిచే ఉంది.

అందరూ వెళ్లాక కృప పళ్లెంలో మురుకులు తెచ్చి నా ముందు పెట్టింది. డబ్బా ఇన్నాళ్లూ ఎవరికిచ్చేసిందో అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఒకటి తీసుకుని కొరికాను. అది విరగలేదు, సాగింది.

"ఎట్లున్నయండి?"

"కరకరలాడుతున్నయ్ కృపా," అన్నాను.