పడవల రేవుకు ఆధారం కావలెను

ఒక రాష్ట్రం గురించి నోరు మెదపకూడని వాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ఆ రాష్ట్రంలో కాపురం ఉంటున్నవాళ్ళే!

ముప్ఫై ఒక్కేళ్ళు బడిలో భూగోళం చెప్పి రిటైరైనదాన్ని. అయినా ఈ సత్యం నాకు బోధపడటానికి ఎవరైనా రాయగలిగే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వమూ, అందులో మా ఆక్రి రాష్ట్రం పేజీకి కాపలా కాసే ఎవాల్దో గారూ కావలసి వచ్చారు. ఆయనది ఎక్కడో దక్షిణాన కురిచిబా నగరం. ఆక్రిలో ఏనాడూ కాలు పెట్టలేదు. అందుకే ఆయనకు పక్షపాతం లేదు. నేనిక్కడే పుట్టాను కాబట్టి నాకుంది.

మిగతా బ్రెజిల్ అంతా మా మీద ఒక జోకు వేసుకుంటుంది. ఆక్రి అనే రాష్ట్రమే లేదట! పటంలో పడమటి కొస బోసిగా ఉంటుందని ఎవరో గీసిపెట్టారట. ఒకవేళ ఉన్నా, అక్కడ డైనోసార్లు తప్ప మనుషులుండరట. పని మీద దక్షిణానికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు "మీదే ఊరండీ?" అని అడగడం, చెప్పగానే పగలబడి నవ్వడం నాకు అలవాటైపోయింది.

ఈ జోకుకు మా పేజీలో ఏడు పేరాలున్నాయి. కింద నలభై ఒక్క ఆధారాలు! తప్పేముంది? పేపర్లు రాశాయి, టీవీలు చూపించాయి. మేం లేమనడానికి రుజువులు అన్ని ఉన్నాయి మరి. ఉన్నామనడానికి ఒక్కటి తెమ్మంటే తెల్లమొహం వేసేది మేమే కదా?

నా అజ్ఞానం ఎలాంటిదో చెబుతాను, వినండి. మా టిఫిన్ గురించి ఒక ముక్క చేర్చబోయాను. ఉడికించిన మొక్కజొన్న రవ్వ, దాని మీద కీమా, ఆ పైన గుడ్డు. రోజూ పొద్దున్నే మార్కెట్లో తినేదే. "సొంత పరిశోధన ఇక్కడ నిషిద్ధమండీ" అని ఎవాల్దో గారు తీసేశారు. ఇన్నేళ్ళుగా నేను తింటున్నది టిఫిన్ అనుకున్నాను. పరిశోధన అని ఆయన చెప్పాకే తెలిసింది!

ఆ తర్వాత వరద. ఒక ఏడాది నది మా ఇంటి మూడో మెట్టు దాకా వచ్చిందని రాశాను. ఏ పేపర్లో వచ్చిందని అడిగారు. ఆ వారం మా ఊరి పేపరే రాలేదు. ఎలా వస్తుంది? ప్రెస్సులో నడుముల్లోతు నీళ్ళు! పేపరు రాలేదు కనుక వరదా రాలేదు. ఇంతకంటే చవకైన వరద నివారణ పథకం ఏ ప్రభుత్వం దగ్గరైనా ఉందా?

ఇలా నేను జ్ఞానోదయం పొందుతున్న రోజుల్లో ఒజియెల్ మా ఇంటికొచ్చాడు. ఒజియెల్ మా రేవులో కత్రాయా నడుపుతాడు. అంటే తెడ్డు పడవ. సర్కారువాళ్ళు గట్టును సుందరీకరిస్తారట, రేవు మూసేస్తారట. ఏదైనా విజ్ఞాన సర్వస్వంలో దాని ప్రస్తావన ఉంటే మాత్రం వారసత్వ సంపదగా గుర్తించి వదిలేస్తారట. గడువు ముప్ఫై రోజులు. నోటీసు చేతిలో నలిగిపోయి ఉంది.

"టీచరమ్మా, కంప్యూటర్లో మన రాష్ట్రం గురించి రాస్తన్నావంట గదా. మా రేవు గురించి కూడా ఓ ముక్క పడెయ్యి."

"పడెయ్యడానికి అదేమన్నా పులుసులో ఉప్పా ఒజియెల్? ఆధారం కావాలి."

"ఆధారమేంటి? మా నాన్న తెడ్డేసిన రేవది. నిన్ను ముప్ఫయ్యేళ్ళు బడికి దాటించిందెవరు?"

"నువ్వే."

"మరి అదే రాయి."

"నేను చెబితే చెల్లదయ్యా."

"అదేం మాట! నువ్వు చెప్పిందే పిల్లలు పరీక్షలో రాస్తే మార్కులేశావు గదా? అప్పుడు చెల్లింది, ఇప్పుడెందుకు చెల్లదు?"

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్క వాక్యం రాశాను. అది పదకొండు నిమిషాలు బతికింది. నూట పన్నెండు మందితో సంతకాలు పెట్టించి పంపాను. అచ్చయిన కాగితం కాదు, చెల్లదన్నారు. పడవ ఫోటో పంపాను. అందులో ఉన్నది ఆ నదేననడానికి ఆధారమేమిటన్నారు. ఒక్కసారి కూడా ఆయన మాట తూలలేదు. విసుక్కుని ఉంటే నాకు కాస్త మనశ్శాంతిగా ఉండేది.

ఒజియెల్‌కు మాత్రం ఆశ చావలేదు. "ఆ ఎవాల్దో బాబుని ఓసారి రమ్మను టీచరమ్మా. చెప్పు కూడా తడవకుండా అవతల దింపుతా. కళ్ళతో చూస్తే కాదంటాడా?"

ఆ మాట అందజేశాను. "మీ ఆప్యాయతకు కృతజ్ఞతలు. కానీ నేను వచ్చి చూస్తే అది కూడా సొంత పరిశోధనే అవుతుంది" అని జవాబొచ్చింది.

ముప్ఫై రోజులూ అయిపోయాయి. ఆ మర్నాడు అధికార గెజిట్‌లో ప్రకటన పడింది: "నది ఎడమ గట్టున అరవై రెండేళ్ళుగా, ప్రతిదినమూ సుమారు మూడు వందల మందిని దాటిస్తున్న తెడ్డు పడవల రేవును ఇందుమూలంగా మూసివేయడమైనది."

ఎంత చక్కగా రాశారు! ఏ గట్టో రాశారు, ఎన్నేళ్ళో రాశారు, ఎంతమందో లెక్కగట్టి మరీ రాశారు. నిన్నటిదాకా ఆ రేవును గుర్తించడానికి విజ్ఞాన సర్వస్వం సాక్ష్యం అడిగినవాళ్ళకు ఇంత సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం నన్నడగకండి. నాకు ఒళ్ళు మండిపోయింది. మండుతున్న ఒంటితోనే కూర్చుని ఆ గెజిట్‌ను ఆధారంగా చూపించి అదే వాక్యం మళ్ళీ పెట్టాను. నాలుగు నిమిషాల్లో ఆమోదం! "ఇలాంటి ఆధారం కోసమే ఎదురుచూస్తున్నాను, అభినందనలు" అన్నారు ఎవాల్దో గారు.

కనుక పాఠక మహాశయులారా, మీ ఊళ్ళో మీకు ప్రాణప్రదమైనదేదైనా విజ్ఞాన సర్వస్వంలోకి ఎక్కించాలనుకుంటే సంతకాల కోసం తిరిగి కాళ్ళు అరగదీసుకోకండి. దాన్ని మూయించండి, చాలు! మూసేవాళ్ళు సర్కారువాళ్ళయితే ఇంకా మంచిది, అన్నీ వివరంగా రాస్తారు.

ఆ పేజీ ప్రింటు తీసి ఒజియెల్‌కు పట్టుకెళ్ళాను. పడవను పెరట్లో బోర్లించి, దాని పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క వాక్యాన్నీ వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"బాగుంది. మరి మా నాన్న పేరూ నా పేరూ లేవేంటి?"

"పేర్లకు ఆధారం లేదు ఒజియెల్."

"ఎప్పుడుంటదో అడుగు ఆ బాబుని."

అడిగాను. పేపర్లో సదరు వ్యక్తి మరణ వార్త పడితే తప్పకుండా పరిశీలిస్తామని ఎవాల్దో గారు వెంటనే రాశారు. ఆ జవాబొచ్చి వారమైంది. ఒజియెల్ రోజూ అడుగుతూనే ఉన్నాడు, ఇంకా జవాబు రాలేదని నేను రోజూ అబద్ధం చెబుతున్నాను.