నల్ల ఫొటోలో ఎడమ నుంచి మూడోవారు

“పరాయి సాఫ్ట్‌వేర్ పీడ ఇవాళ్టితో వదిలింది. నూటికి నూరుపాళ్లూ మనదే అయిన ఫోను ఎల్లుండి విడుదల!” అని మంత్రిగారు ప్రకటించారు. అప్పటికి ఆ ఫోన్లో కెమెరా తెరుచుకుని సరిగ్గా మూడు గంటలైంది.

తెరిపించింది ఇంజనీరమ్మ. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. వేదిక మీద కెమెరా పనిచేస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు నెలలు తిండీ నిద్రా మానేసింది.

మంత్రిగారు వివరాలడిగారు. కాంట్రాక్టు మనుషులతో ఆయన నేరుగా మాట్లాడరు. అంత క్రమశిక్షణ గల మనిషి. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా, ఆయన అన్నది కార్యదర్శి ఆమెకూ, ఆమె అన్నది ఆయనకూ చెప్పాలి.

“కెమెరాని నడిపించే ప్రోగ్రామును డ్రైవరంటారండి. అది పాత సిస్టం కోసం రాసింది. మన కొత్త సిస్టం మాట దానికి అర్థం కాదు. అందుకని మధ్యలో ఒక పొర రాశాను. ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తుంది.”

కార్యదర్శి అందించారు.

“అయితే ఆ డ్రైవరుకి మన దగ్గరికొచ్చినట్టు తెలీదా?”

“తెలీదండి. ఇంకా పాత చోటే ఉన్నాననుకుంటుంది.”

ఇప్పటికి మూడు పార్టీలు మారిన మంత్రిగారి మనసు కరిగిపోయింది. అంతలోనే మొహం ఎర్రబడింది. “మధ్యలో ఉండి మాటలు మోసేదాన్ని దళారీ అంటారు. దళారీలను ఏరిపారేస్తామని మనం మాటిచ్చాం. తీసెయ్యమను!”

“తీసెయ్యమంటున్నారు,” అన్నారు కార్యదర్శి.

“తీస్తే కెమెరా పనిచెయ్యదండీ!” ఇంజనీరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. “ఆ పొర లేకపోతే ఒకళ్ల మాట ఒకళ్లకి తెలీదు!”

“ఏమంటోంది?” అని మంత్రిగారు కార్యదర్శిని అడిగారు.

“సరేనంటోందండి.”

సాయంత్రానికి పొర తీసేశారు.

విడుదల రోజు మంత్రిగారు అనుచరులను అటూ ఇటూ నిలబెట్టుకుని ఫొటో తీయించారు. వేదిక వెనకున్న పెద్ద తెర మీద అది పడింది. బొగ్గులా నల్లగా ఉంది. సభలో అందరూ మంత్రిగారి మొహంకేసి చూశారు. మంత్రిగారు కళ్లద్దాలు సవరించుకుని పరకాయించి చూశారు.

“బాగా పడ్డాను,” అన్నారు.

చప్పట్లు ఆగితే ఒట్టు.

ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి ప్రతి ఆఫీసులోనూ పెట్టారు. ఎడమ నుంచి మూడోవారు మంత్రిగారని కింద రాసి ఉంది. ఇకమీదట దరఖాస్తులకు ఫొటోలన్నీ మన ఫోనుతోనే తీయాలని ఉత్తర్వు కూడా వచ్చింది.

కెమెరా పనిచేసినట్టు సభాముఖంగా రుజువైంది కాబట్టి ఇంజనీరమ్మ పర్మనెంటు ఫైలు కదిలింది. వారం తిరక్కుండానే వెనక్కొచ్చింది. దాని మీద కార్యదర్శి స్వదస్తూరీతో ఒక్క వాక్యం రాశారు: “ఫొటోలో అభ్యర్థి కనబడటం లేదు.”