తూములమ్మకు ఇనుము తగలరాదు

"ఈ దేశమును ఏలుచున్నది రాణీగారు కాదు, ఆచారము! నేను దాని గుమాస్తాను!"

సబ్ కలెక్టరు డన్‌స్టన్ దొర గొల్లవలస కచేరీలో ఇలా ప్రకటించాడు. చప్పట్లు కొట్టమని తాసిల్దారు కళ్లతో సైగ చేశాడు. అందరికంటే ముందు కొట్టినవాడు మున్షీ గుమ్మలూరి సోమయాజులు.

దొర నాలుగు దేశభాషలు నేర్చాడు. ఇప్పుడు తాలూకా ఆచారాల మీద పుస్తకం రాస్తున్నాడు. అడిగినదానికల్లా మున్షీ జవాబు చెప్పాలి. పాత మున్షీ ఒకనాడు "తెలియదండి" అన్నాడు. మర్నాటి నుంచి కచేరీకి రావడం మానేశాడు, రమ్మనేవాళ్లు లేక!

ఫాల్గుణంలో ఏటి కాలువ తూము దగ్గర దొర గుర్రం ఆపాడు.

"పంతులుగారూ! ఈ శిలమీద పసుపు ఏల యున్నది?"

తూముకు అడ్డంగా నీటిని ఆపే రాయి అది; ఊరి ఆడవాళ్లు స్నానానికి దానిమీదే పసుపుకొమ్ము అరగదీసుకుంటారు. ఆడవాళ్ల స్నానం సంగతి దొరతో చెప్పడం ఎలా? చెప్పకపోతే ఉద్యోగం నిలిచేది ఎలా?

"తూములమ్మ అండి."

"ఆమెకు నియమము లున్నవా?"

దొర చేతిలో పెన్సిలు ఎత్తి ఉంది. దాన్ని అలా ఉంచడం క్షేమం కాదు.

"ఇనుము తగలకూడదండి."

దొర ఎనిమిది పేజీలు రాశాడు.

వైశాఖంలో ఆ రాయి నిలువునా బీటవారింది. ఆషాఢంలో ఏరు వస్తే రాయి ఆగదు, మూడు వందల ఎకరాల ఊడ్పు కొట్టుకుపోతుంది. అందులో రెండెకరాలు సోమయాజులివి. సర్కారు తూమును ముట్టుకోవాలంటే సర్కారు సెలవు కావాలి. రైతులు అర్జీ పెట్టారు. దాని మీద దొర ఇలా రాశాడు: "రాయి మార్చుటకు గునపము కావలెను. గునపము ఇనుము. ప్రజల విశ్వాసమును గాయపరచజాలను. అర్జీ త్రోసివేయడమైనది."

పెద్దరైతు బోని సన్నాసి తిన్నగా మున్షీ ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"పంతులుగోరూ, ఈ తూములమ్మోరు ఏ ఊరి ఆడపడుచండీ? మా తాత ఎరగడు, ఆడి తాత ఎరగడు."

"నెమ్మదిరా సన్నాసీ!"

"నెమ్మదేటండీ? ఆ రాతి మీద పసుపు అరగదీసేది మా ఇంటిది. అదేనేటండీ అమ్మోరు? ఇంటికెళ్లి దణ్ణం ఎట్టమంటారా?"

"ఆ మాట దొరతో నువ్వే చెప్పు."

"సెప్పాను బాబూ! 'నీ ఆచారము నీవు మరచితివి' అన్నాడు. పుస్తకం తీసి నాకే సదివి ఇనిపించాడు!"

సోమయాజులుకు రెండు పూటలు అన్నం సహించలేదు. మూడో పూట దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొరగారూ, తప్పు నాది. ఆ దేవతను నేనే కల్పించాను."

దొర చిరునవ్వు నవ్వాడు. "పల్లె దేవతలను పండితులు దాచుదురు. నలుబదవ పుటలో ఈ సంగతి ముందే వ్రాసితిని." మున్షీ ఒప్పుకోలును అదే పుటకు సాక్ష్యంగా చేర్చుకున్నాడు.

నిజం పనిచేయలేదు. సోమయాజులు అలవాటైన దారికే వచ్చాడు.

"చిత్తం. అందుకే కాబోలు, పక్క జిల్లా కలెక్టరుగారి మనుషులు నిన్న ఆ రాయిని కొలుచుకుపోయారు. తమ పేరిట లండన్ మ్యూజియానికి పంపిస్తారట. ఎల్లుండి బండి తెస్తారట."

దొర లేచి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర పన్నెండు గునపాలు, ఆరు సమ్మెటలు, ఒక రెండెడ్ల బండి! దొర చొక్కా చేతులు మడిచి తనే ముందు నిలిచాడు.

సన్నాసి ఊరుకోలేదు. "దొరగోరూ, ఇనుమండీ! అమ్మోరికి కోపం రాదాండీ?"

"ఆ నియమము మీకు! శాస్త్రమునకు కాదు!"

రాయి దొర పేరిట లండన్ పోవడానికి బండెక్కింది. అమ్మవారు లేని తూముకు ఆచారం అడ్డురాదు కనుక, కొత్త రాయి వేసుకోవడానికి దొర అక్కడికక్కడే సంతకం చేశాడు. బండి కదిలేసరికి ఊరంతా గట్టు మీద చేరి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

దొర కనుబొమలు ముడిచాడు. "పంతులుగారూ! దేవత పోవుచుండగా వీరు నవ్వుచున్నారేల?"

"అమ్మవారిని సాగనంపేటప్పుడు నవ్వాలండి. ఇక్కడి ఆచారం."

దొర బండి ఆపించి రాసుకున్నాడు. తరవాత టోపీ తీసి, నిటారుగా నిలబడి, ఆచార ప్రకారం తనూ మూడుసార్లు నవ్వాడు.