అద్దాల గదిలో ఆర్డరు

"మన నోరు" యాప్‌లో ఇకమీదట ఒక్క మాట కూడా తుడిచేది లేదని మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. "నన్ను తిట్టండి, మనసారా తిట్టండి. ఒక్క అక్షరం చెరిపితే నా పేరు మార్చుకుంటా. ఇంకోటి, ఫైళ్ల కాలం పోయింది. ఆ యాప్‌లో నేను రాసిందే ఆర్డరు!" అన్నారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. వెనక వరసలో కూర్చున్న జల్లెడక్క గుండెలో మాత్రం రాయి పడింది.

జనం రాసే పోస్టుల్లో సర్కారుకు గిట్టనివి ఏరి తుడిచేయడమే ఆవిడ ఉద్యోగం. అందుకే ఆఫీసులో ఆ పేరు స్థిరపడింది గానీ ఉద్యోగం స్థిరపడలేదు. కాంట్రాక్టు గడువు ఈ నెలాఖరుకు తీరుతుంది. తుడిచే పనే లేకపోతే తుడిచే మనిషిని ఎవరుంచుకుంటారు?

అయితే ఆ ఆఫీసు డైరెక్టరుగారు సామాన్యులు కారు. మంత్రిగారి మాట పోకుండా, మంత్రిగారి పరువూ పోకుండా మర్నాటికల్లా "అద్దాల గది" కనిపెట్టారు.

"తుడవొద్దు. గిట్టని మాట రాసినవాణ్ణి మిషనే అద్దాల గదిలోకి తోసేస్తుంది. ఆ తర్వాత వాడేం రాసినా వాడికే కనపడుతుంది. ఇంకెవరికీ కనపడదు."

"ఒక్క లైకూ రాకపోతే అనుమానం రాదా సార్?" అంది జల్లెడక్క.

"నువ్వెందుకున్నావ్ మరి? లైకులు నువ్వు కొట్టు. ఒక్క నొక్కుకి ఐదొందల లైకులు పడేలా బటన్ పెట్టిస్తా."

వాక్ స్వాతంత్ర్యం అంతగా వర్ధిల్లిన రోజులు మళ్లీ రావు. రోడ్డు గుంటల మీద రాసినవాళ్లు, లంచాల మీద రాసినవాళ్లు తమ లైకులు చూసుకుని, దేశం మేలుకుందని తృప్తిపడి నిద్రపోయారు. జనమంతా తనవైపే ఉన్నారని తేలిపోవడంతో ప్రతిపక్ష నాయకుడు ధర్నా కూడా మానుకున్నాడు.

జల్లెడక్క అత్తగారు వీధి దీపం వెలగడం లేదని రాశారు. "వెయ్యిమంది మెచ్చుకున్నారే! ఇన్నేళ్లలో నా మాట బాగుందని నువ్వొక్కసారైనా అన్నావా?" అని కోడల్ని నిలదీశారు.

"లేదత్తయ్యా" అంది, పొద్దున రెండుసార్లు నొక్కి వచ్చిన కోడలు.

అంతా సవ్యంగా సాగుతుండగా మంత్రిగారు "లంచాన్ని కూకటివేళ్లతో పెకలిస్తా" అని పోస్టు పెట్టారు. లంచం అన్న మాట చూడగానే ఎవరినైనా లోపలికి తోసేయమని మిషన్‌కు నేర్పి ఉంది. పాపం, దానికి పెద్దా చిన్నా తెలియదు; ఆయన్నీ తోసేసింది.

జల్లెడక్క పరుగెత్తింది. "సార్, మంత్రిగారు లోపలున్నారు!"

"లోపలా? ఏ కేసులో?"

"అద్దాల గదిలో సార్. బయటికి తీసెయ్యనా?"

"ఆగాగు. బయటున్నప్పుడు ఆయనకెన్ని లైకులొచ్చేవి?"

"పదకొండు సార్. అందులో ఆరు బావమరుదులవి."

"ఇప్పుడు?"

"నాలుగు వేలు. ఎవరిదో చూసుకోకుండా ఎనిమిదిసార్లు నొక్కేశాను సార్."

"రేపు మళ్లీ పదకొండెందుకయ్యాయని అడిగితే నువ్వు చెప్తావా?" అని, తలుపు తీసే పాస్‌వర్డు డైరెక్టరుగారు తన దగ్గరే ఉంచుకున్నారు.

మంత్రిగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. జనంలో ఇంత చైతన్యం తెచ్చినవాళ్లెవరని ఆరా తీసి జల్లెడక్కను పిలిపించారు. ఆవిడ ఎదుటే ఫోను తీసి, "ఈమెను ఈ రోజు నుంచి పర్మనెంటు చేస్తున్నాను" అని పోస్టు పెట్టారు. జల్లెడక్క కళ్లు చెమర్చాయి. ఆ సంబరంలో ఒళ్లు మరిచి, సీటుకు రాగానే అలవాటు కొద్దీ మంత్రిగారి కొత్త పోస్టు మీద టకటకా నొక్కేసి, అకౌంట్సుకు వెళ్లింది.

"ఆర్డరేదమ్మా? మాకేం కనపళ్లేదే" అన్నాడు గుమాస్తా. అప్పటికి గుర్తొచ్చింది ఆవిడకు.

డైరెక్టరుగారి కాళ్లావేళ్లా పడింది. "నీ ఒక్కదాని ఉద్యోగం కోసం పెద్దాయన సంతోషం చెడగొడతామా?" అన్నారాయన.

ఇక మంత్రిగారే దిక్కనుకుంది. "సార్, అకౌంట్సువాళ్లకి ఆర్డరు కనపడటం లేదంటున్నారు."

"కనపడకపోవడమేంటమ్మా, ఇదిగో! నాలుగువేల ఐదొందలమంది మెచ్చుకున్నారు. ప్రజలే ఒప్పుకున్నాక అకౌంట్సువాడెవడు?"

ఆవిడ నోరు తెరిచింది. పక్కనే ఉన్న డైరెక్టరుగారు దగ్గారు.

"చెప్పమ్మా, భయపడకు. మన దగ్గర ఎవరైనా ఏమైనా మాట్లాడొచ్చు" అన్నారు మంత్రిగారు నిండు మనసుతో.

"ఏం లేదు సార్. థాంక్స్ సార్."

నెల మారింది. గడువు తీరిన జల్లెడక్క ఇంట్లో కూర్చుని, మంత్రిగారి లంచం పోస్టు మొదలుకొని అద్దాల గది దాకా ఏదీ దాచకుండా "మన నోరు"లో రాసి పారేసింది. ఐదొందల లైకులొచ్చాయి. కాసేపటికి మరో ఐదొందలొచ్చాయి. తన సీట్లోకి వచ్చినవాళ్లెవరో మనసున్న మనిషే అనుకుంది.

"ఎన్నొచ్చాయే?" అన్నారు అత్తగారు, భుజం మీంచి తొంగిచూస్తూ.

"వెయ్యి అత్తయ్యా."

"అబ్బో! నాతో సమానం."