రంజన్ నీళ్లు తాగిన ముఠా

"ఈ గద్వాల గడ్డ మీద నా కన్ను గప్పి చీమ గూడ చక్కెర ఎత్తుకపోలేదు!" అన్నాడు శ్రవణ్ కుమార్, కుర్చీ మీద ఒక కాలు పెట్టి. ఆ సమయానికి ఆయన టిఫిన్ డబ్బాలోకి చీమలు బారులు తీరి నడుస్తున్నాయి. రజిత చూసింది గానీ చెప్పలేదు. ఆమె బాధ ఆమెది.

ఆ పల్లీ విత్తనాల కంపెనీ ఆఫీసులో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మాన్పించి, మట్టి రంజన్ కుండ, స్టీలు గ్లాసులు పెట్టించింది రజితే. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడేమో పొద్దున నిండుగా నింపిన రంజన్ మధ్యాహ్నానికల్లా ఖాళీ! ఎండాకాలం, గుక్కెడు నీళ్లు లేవు. మేనేజర్ వెంకట్రాములు తేల్చేశాడు.

"రేపట్నుంచి మళ్ల సీసాలే. నీ రంజన్ ఇంటికి తీస్కపో రజితా."

రజితకు ఏడుపొక్కటే తక్కువ. అందుకే, అకౌంట్స్ చూస్తూ తనను తాను డిటెక్టివ్ అనుకునే శ్రవణ్ కుమార్ ఈ కేసు తేలుస్తానంటే ఒప్పుకుంది. పోయిన నెల బీరువా తాళంచెవి వెతకడానికి జీపులో వెళ్లి జీపునే ఎక్కడో పెట్టి మరిచిపోయి వచ్చిన ఘనుడాయన.

"ఇది నీళ్ల సీసాల మాఫియా పని చెల్లె. దీని వెనక అంతర్జాతీయ హస్తం ఉన్నది. రాయచూరు దాక పోతది!"

రంజన్ చుట్టూ నేలంతా బురద అడుగులు. ఆయన బోర్లా పడుకుని పరిశీలించాడు.

"ఒక్కొక్కటి ఒక్కో తీరు చెప్పు గుర్తు. మన ఆఫీసుల ఎంతమంది ఉన్నరో, ముఠాల గంతమంది ఉన్నరు!"

"అంటే మనోళ్లేనేమో అన్నా?"

"పిచ్చి చెల్లె! మనిషికొకడు చొప్పున మన మీద నిఘా పెట్టిండ్రు."

విచారణ మొదలైంది. ముందు క్యాషియర్ నిరంజన్.

"పొద్దుగాల గ్లాసు పట్టుకొని ఏడికి పోయినవ్?"

"ఫోన్ సిగ్నల్ కోసం వెనకకు పోయిన."

"గ్లాసెందుకు?"

"సిగ్నల్ దొరికేదాక దూపయితది గదా."

"నిజాయితీపరుడు. పో!"

తర్వాత కంప్యూటర్ ఆపరేటర్ కృప.

"చెంబెడు నీళ్లు ఏం చేసినవమ్మా?"

"కండ్లు కడుక్కున్న అన్నా. కంప్యూటర్ చూసి చూసి మండుతున్నయి."

"అయ్యో పాపం. పో!"

రజిత నెత్తి కొట్టుకుంది.

"ముఠా వెనక గోడ దూకి వస్తున్నది. మెరుపుదాడి!" అంటూ శ్రవణ్ కుమార్ పెరట్లోకి ఉరికాడు. మరుక్షణం "సచ్చిన నాయనో!" అని కేక. రజిత పరుగెత్తింది.

డిటెక్టివ్ గారు బురదలో నడుము దాకా కూర్చుని ఉన్నారు. వాన చుక్క పడక ఎన్నాళ్లయిందో, అక్కడ మాత్రం మడి దున్నినట్టుంది. మధ్యలో, పోయిన వానాకాలం రజిత నాటిన కానుగ మొక్క. నాటిన రోజు ఆఫీసంతా "మేకల పాలైపోతది" అని నవ్వింది.

మొక్కకు అటు గ్లాసుతో నిరంజన్, ఇటు చెంబుతో కృప బిగుసుకుపోయి నిలబడ్డారు.

"నువ్వు గూడ పోస్తున్నవా? నేనొక్కదాన్నే అనుకున్న!" అంది కృప.

"ఆనాడు అందరికన్న ఎక్కువ నవ్వింది నేనేనాయె. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

అంతలో పిల్లిలా అడుగులేస్తూ వెంకట్రాములు వచ్చాడు, చేతిలో జగ్గు. అందర్నీ చూసి జగ్గు వీపు వెనక దాచాడు. నీళ్లు ప్యాంటు మీదుగా కారిపోయాయి.

"సార్, మీరు గూడనా?"

"జర వాడినట్టు కనబడితే..." అని నసిగాడు మేనేజర్.

రజితకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వీళ్లెవరికీ పట్టదనుకుని ఎన్నిసార్లు కుమిలిపోయిందో!

"నీళ్లెక్కువై వేర్లు కుళ్లుతున్నయి సార్. దినాం ఒక్కరే పొయ్యాలె."

అంతే, కొట్లాట మొదలు.

"సోమవారం నాది!"

"నేను మేనేజర్ని, మొదటి వంతు నాదే!"

"మరి సీసాలు సార్?" అడిగింది రజిత.

"రంజన్ పోతే దీనికి నీళ్లేడియి? సీసాలొద్దు గీసాలొద్దు!"

శనివారం దాకా పంచుకోవడం అయిపోయింది. బురదలోంచి శ్రవణ్ కుమార్ చెయ్యెత్తాడు.

"ఆదివారం సంగతేంది? సెలవునాడు ఎవరొస్తరు? ఆ వంతు నాకియ్యిండ్రి."

 ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. డిటెక్టివ్ శ్రవణ్ కుమార్ తన జీవితంలో కనిపెట్టిన మొట్టమొదటి నిజం అదే.