నలభై ఆరు కేజీల సప్పరం

మే పదమూడో తేదీ బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు వెంకటముని షెడ్డులోకి అడుగు పెట్టేసరికి స్క్వాట్ స్టాండుకు పసుపు పూసి ఉంది. నాలుగు కాళ్లకూ కుంకుమ బొట్లు ఉన్నాయి. అడుగున ఒక నిమ్మకాయ ఉంది. ఇందులో ఏదీ వెంకటముని చేసింది కాదు.

ఏర్పేడుకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో గేట్లు, గ్రిల్లులు చేసేది అతనొక్కడే. పని ఇంటి వెనక రేకుల షెడ్డులో. షెడ్డుకు మూడు గోడలే, తలుపు లేదు. ఆ వారం గేట్లు పక్కన పెట్టి కూతురు మహిత భుజాన బరువు పెట్టుకుని గుంజీళ్లు తీయడానికి స్టాండు చేస్తున్నాడు. మహిత పవర్ లిఫ్టింగ్ చేస్తుంది. ఉమ్మడి జిల్లా ఎంపికలు జూన్ ఏడున చిత్తూరులో జరుగుతాయి. మొదటి ఇద్దరినే రాష్ట్ర పోటీలకు పంపుతారు. పోయినేడు ఆమె మూడో స్థానంలో ఆగిపోయింది. జూనియర్లలో ఆడటానికి వయసు రీత్యా ఇదే ఆఖరి ఏడు. ఆమె రోజూ వెళ్లే తిరుపతి జిమ్ము పైకప్పు పని కోసం నెలన్నర మూసేశారు.

అందుకని వెంకటముని రెండంగుళాల చదరపు పైపు కోసి, ఆరడుగుల కాళ్లు నాలుగు నిలబెట్టి, పైనా కిందా చుట్టూ కట్టు వేశాడు. బరువుల కోసం పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి ఆరబెట్టాడు. ఇక మిగిలింది కొక్కేలు. బరువుల కమ్మి ఆనేది వాటి మీదే. మహితను నిలబెట్టి టేపుతో కొలిచాడు. ఆమె భుజానికి నాలుగంగుళాల కింద వాటిని అతకాలి. ఆ ఉదయానికి అతను అనుకున్న పని అంతే.

పసుపు సంగతి భార్య తిరుమలమ్మను అడిగాడు. ఆమె కాఫీ గ్లాసు చేతికిచ్చి, "నాకన్నీ తెలుసులే" అంది. కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

ఇరవై మూడేళ్ల కాపురంలో ఆమె ఆ మాట అంతకు ముందు రెండుసార్లే అంది. రెండుసార్లూ అతను తప్పు చేసి ఉన్నాడు. ఈసారి ఏం చేశాడో గుర్తు తెచ్చుకుంటూ కాఫీ తాగాడు. అందులో చక్కెర రెట్టింపు ఉంది. దాంతో భయం ఎక్కువైంది.

ఎనిమిదింటికి ఎదురింటి చంద్రకాంతమ్మ వేపమండలు తెచ్చి స్టాండుకు కట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లింది. కొత్త ఇనుముకు దిష్టి తీస్తున్నారని అనుకున్నాడు. తొమ్మిదింటికి బావమరిది మునికుమార్ ఆటోలో వెదురు బద్దలూ రంగు కాగితాలూ తెచ్చి దించాడు. ఎందుకని అడిగితే అక్క తెమ్మందన్నాడు. అక్క ఎందుకు తెమ్మందంటే, "నువ్వు చేస్తాండేది నువ్వే నన్నడిగితే ఎట్ల బావా?" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

వెంకటముని కొక్కేలు అతకడం మొదలుపెట్టాడు. పసుపు కాలి పొగ వచ్చింది. ఆ పొగలో నిలబడి ఉన్నాడు గుడి పెద్ద చెంగయ్య. డెబ్బై దాటిన మనిషి. స్టాండు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎంత తూగుతాదప్పా ఇది?"

"నలభై ఆరు కేజీలు మామా."

"ఇనుంతో ఇంతవరకూ ఎవురూ చేసింది లేదే?"

"కట్టెతో చేస్తే ఆగదు మామా. బరువు పడతాది గదా."

చెంగయ్య గొంతు తగ్గించాడు. "ఎవురు ఎత్తేది?"

"మా మహితే. చేస్తాండేది దానికోసరమే."

చెంగయ్య రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. తన పనితనానికి ఒక పెద్దమనిషి దణ్ణం పెట్టడం వెంకటమునికి అదే మొదటిసారి. ఆ సంతోషంలో రెండో కొక్కెం అరంగుళం వంకరగా పడింది. కోసి మళ్లీ అతికాడు.

సాయంత్రం ఆరున్నరకు గుడి మైకులో చెంగయ్య మాట్లాడాడు. వచ్చే మంగళవారం గంగమ్మ జాతరలో వెంకటముని ఇంటివాళ్లు ఇనప సప్పరం మొక్కు చెల్లిస్తారనీ, ఊరు పుట్టాక ఇలాంటిది లేదనీ, జనమంతా రావాలనీ చెప్పాడు.

సప్పరమంటే వెదురు బద్దలతో గోపురంలా కట్టి రంగు కాగితాలు అంటించేది. మొక్కున్నవాళ్లు దాన్ని భుజానికెత్తుకుని జాతర నాడు గుడి చుట్టూ తిరుగుతారు. అది పది కేజీలుంటే ఎక్కువ. జాతర చాటింపు మంగళవారం సాయంత్రమే వేశారు. ఆ సమయంలో వెంకటముని పైపు కోసే మిషను మీద ఉన్నాడు. డప్పు అతనికి వినపడలేదు.

వంటింట్లోకి వెళ్లి తిరుమలమ్మను అడిగాడు. "ఎవురు మొక్కినారు సప్పరం?"

"నేనే."

పోయినేడు మహిత భుజం కీలు తప్పినప్పుడు, అది సరయితే సప్పరం ఎత్తిస్తానని తిరుమలమ్మ గంగమ్మకు మొక్కుకుంది. మొగుడు కసురుతాడని ఇంట్లో చెప్పలేదు. ఒక్క చంద్రకాంతమ్మకు చెప్పింది. చాటింపు వేసిన సాయంత్రమే షెడ్డులో నాలుగు కాళ్ల చట్రం నిలబడి ఉండటం చంద్రకాంతమ్మ చూసింది. తెల్లవారుజామున వచ్చి పసుపు పూసి, తిరుమలమ్మకు కబురు చెప్పింది. స్టాండు ఎందుకో తండ్రీ కూతుళ్లు తిరుమలమ్మకు చెప్పలేదు.

"నేను నోరు తెరిసి సెప్పకుండానే తెలుసుకుని చేస్తాండావని కాఫీలో రెండు స్పూన్లు చక్కెర ఎక్కువ ఏస్తిని" అంది తిరుమలమ్మ.

"అది బిడ్డ ఎక్సర్‌సైజు చేసుకునే సామాను."

తిరుమలమ్మ పొయ్యి ఆర్పింది. తర్వాత, "మైకులో సెప్పేసినారు" అంది.

మహిత ఆ రాత్రి లెక్క వేసింది. ఎంపికలకు ఇరవై ఐదు రోజులుంది. పసుపు పూసిన స్టాండు కింద జాతర అయ్యేదాకా చెమట కార్చకూడదని అమ్మ కట్టడి చేసింది. అంటే ఆరు రోజులు పోతాయి. పోతే పోనీ, ఇరవయ్యో తేదీకి స్టాండు షెడ్డుకు వచ్చేస్తుందని నాయన మాటిచ్చాడు.

పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నానికి స్టాండు మీద వెదురు గోపురం లేచింది. కొక్కేల మీద కమ్మి పెట్టి బైండింగ్ వైరుతో బిగించారు. ఆ కమ్మి కింద భుజం పెట్టి ఎత్తాలి. పువ్వులూ మండలూ కలిపి బరువు యాభై ఎనిమిది కేజీలని తర్వాత తేలింది. జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి సప్పరం ఎత్తే ఆచారం ఉంది. వెంకటముని పెళ్లాం పట్టుచీర కట్టుకుని, జడ పెట్టుకుని వచ్చాడు. మహిత ఎత్తుతుందని చెంగయ్యతో అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. ఇరవై రోజుల్లో పోటీ ఉన్న పిల్ల భుజం మీద ఊరి బరువు పెట్టనన్నాడు.

అతని ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. కమ్మి మహిత కొలతకు పెట్టింది. దాని కిందికి దూరాలంటే మోకాళ్లు సగం వంచాలి. వంచాడు. లేవలేకపోయాడు. ఇద్దరు పట్టి బయటికి లాగారు. మునికుమార్ కూడా చీరలోనే ఉన్నాడు. అతని ఎత్తు అయిదడుగులు. నిటారుగా నిలబడ్డా కమ్మి అతని భుజానికి అందలేదు. మునివేళ్ల మీద లేస్తే సప్పరం రెండు కాళ్లు లేచి పక్కకు ఒరిగింది. డప్పులు ఆగాయి. ఎత్తని సప్పరం ఊరికి మంచిది కాదని వెనక ఎవరో అన్నారు.

మహిత ట్రాక్ ప్యాంటులో ఉంది. బూట్లు విడిచి కమ్మి కిందికి వెళ్లింది. ఊపిరి బిగబట్టి లేచింది. నాలుగు కాళ్లూ నేల నుంచి నాలుగంగుళాలు లేచాయి.

"ఆడబిడ్డ ఎత్తొచ్చునా మామా?" అని ఒకడు చెంగయ్యను అడిగాడు.

"చీర కట్టినోళ్లు ఇద్దురూ అయిపోయినారు గదరా" అన్నాడు చెంగయ్య. డప్పులు మళ్లీ మోగాయి. మహిత గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి దించింది.

ఇరవయ్యో తేదీ ఉదయం ఏడింటికి వెంకటముని స్టాండు తెచ్చుకోవడానికి గుడికి వెళ్లాడు. వెదురు సప్పరాలన్నీ రాత్రే విప్పి పారేశారు. ఇనపది విప్పడానికి కుదరలేదు, అతుకులు గట్టివి. అది మంటపం మధ్యలో ఉంది. అమ్మకిచ్చింది ఇంటికి పోదని చెంగయ్య చెప్పాడు. వెంకటముని జరిగిందంతా మొదటినుంచి చెప్పాడు. చెంగయ్య అంతా విని, అమ్మకిచ్చింది ఇంటికి పోదని మళ్లీ చెప్పాడు.

ఇంకొకటి చేస్తానంటే తిరుమలమ్మ ఒప్పుకోలేదు. "ఇంకొకటి నిలబెడితే ఊరు మళ్లా పసుపు తెస్తాది" అంది. వెంకటముని షెడ్డుకున్న మూడు గోడల వైపు చూశాడు. ఆమె చెప్పింది నిజమే.

మధ్యాహ్నం చెంగయ్యే ఇంటికి వచ్చాడు. వస్తువు గుడి దాటకూడదు గానీ మనిషి గుడికి రావచ్చునన్నాడు. సాయంత్రం వెంకటముని కాంక్రీటు డబ్బాలు బండి మీద వేసి గుడికి చేర్చాడు. మహిత బూట్లతో మంటపం ఎక్కబోతే చెంగయ్య ఆపాడు.

"ఇవి చెప్పులు కాదు తాతా, బరువులెత్తే బూట్లు."

"ఆ తేడా నాకు తెలుసు. అమ్మకు తెలీదు."

ఆ రోజు నుంచి పద్దెనిమిది రోజులు మహిత ఉదయం పూజకు ముందు గంట, సాయంత్రం దీపం పెట్టాక గంట వట్టి కాళ్లతో సాధన చేసింది. ఎన్నిసార్లు ఎత్తిందో లెక్క చంద్రకాంతమ్మ పెట్టింది. జూన్ ఏడున చిత్తూరులో మహితకు రెండో స్థానం వచ్చింది. రాష్ట్ర పోటీలు ఆగస్టులో ఉన్నాయి. జూన్ ఎనిమిదిన ఊళ్లోని మరో నలుగురు ఆడపిల్లలు గుడికి వచ్చారు.

జూన్ పదో తేదీన మంటపం స్తంభానికి కొత్త రేకు బోర్డు తగిలించారు. రేకు వెంకటముని ఇచ్చాడు. దాని మీద ఇలా రాసి ఉంది: "చెప్పులు బయట విడిచి బరువులు ఎత్తవలెను."